అమ్మకానికి లేని కత్తి

ఉదయం తొమ్మిదీ పదికి రైలు సొరంగంలోకి వెళ్ళింది. మూడు నిమిషాల తర్వాత బయటికి వచ్చేసరికి, ఫస్ట్ క్లాస్ బోగీలో కిటికీ పక్కన కూర్చున్న గడియారాల రిపేరర్ చనిపోయి ఉన్నాడు.

నిజానికి అతను గడియారాల రిపేరర్ కాదు. డిపార్ట్‌మెంట్ కొరియర్. కోటు లైనింగు నిలువునా చీరేసి ఉంది. అందులో ఉండాల్సిన మైక్రోఫిల్ము లేదు. కుడి చేతిలో కొత్త మడత కత్తి ఉంది. అది తెరుచుకోలేదు. ఎడమ బొటనవేలి గోరు సగానికి విరిగిపోయి ఉంది.

"ఆ గోరు చూశావా?" మర్నాడు ఉదయం ఎనిమిదింటికి చీఫ్ ఫొటోను బల్ల మీద ముందుకు తోశాడు. డ్రైక్లీనింగ్ షాపు మేడ మీది ఆ గది గోడలకు కింది నుంచి ఆవిరి వాసన పట్టేసింది.

"చివరిదాకా తెరవడానికే చూశాడు సార్," అన్నాడు ఏజెంట్. మాటలు తక్కువని డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని మౌని అంటారు.

"ప్రయాణంలో రక్షణకని ముందురోజే కొన్నాడు. ముత్యపు చిప్ప పిడి. చూడముచ్చటగా ఉంది. ల్యాబ్‌లో విప్పి చూశారు. కీలు దగ్గర స్క్రూ ప్రాణం పోయేలా బిగించి ఉంది."

"ఎక్కడ కొన్నాడు?"

"స్టేషన్ ఆర్కేడ్‌లో కత్తుల షాపు." చీఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీ మరదలిది."

మౌని ఫొటోను వెనక్కి తోశాడు.

"ఫిల్ములో ముప్పై ఒక్క మంది వివరాలున్నాయి," అన్నాడు చీఫ్. "సముద్రం అవతల మన కోసం పనిచేస్తున్నవాళ్ళు. కవర్ నేమ్, వృత్తి, వీధి, రేడియో టైము. అది అవతలి ఒడ్డుకు చేరిన గంటలో ఒక్కళ్ళు మిగలరు. పదిహేడో నంబరు ఎవరో నీకు చెప్పక్కర్లేదు."

నిజమే, చెప్పక్కర్లేదు. పదిహేడో నంబరు మౌని భార్య. ఐదేళ్ళ క్రితం పడవ ప్రమాదంలో చనిపోయిందని అందరికీ చెప్పి, ఆమెను కొత్త పేరుతో అవతలికి పంపారు. సీలు వేసిన పెట్టెను ఊరి చివర పాతిపెట్టారు. అందులో ఉన్నది ఇసుక. ఆ సంగతి తెలిసిన వాళ్ళు నలుగురు. ఆమె చెల్లెలు ఆ నలుగురిలో లేదు.

"మీ మరదలు రెండేళ్ళుగా మనకు సమాచారం ఇస్తోంది," అన్నాడు చీఫ్. "వాళ్ళకూ ఇస్తోంది. డబుల్ ఏజెంట్. ఎవరికి నిజం చెబుతోందో దేవుడికే తెలియాలి. ఆమె కబురు ప్రకారం, ఇవాళ ఒంటిగంట రైల్లో గ్రే కోటు మనిషి ఒకడు ఫిల్ము తీసుకెళ్తాడు. రేవులో నాలుగున్నర ఫెర్రీ దగ్గర వాళ్ళ పళ్ళ డాక్టరుకు అందిస్తాడు. గూఢచారుల రింగు మొత్తానికి పెద్ద ఆ డాక్టరే."

"డాక్టర్నే పట్టుకుంటే?"

"డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. ఒంటి మీద చెయ్యి పడిందా, రేపు రెండు దేశాల పేపర్లలోనూ మనమే హెడ్‌లైన్. ఫిల్ము అతని చేతికి అందకూడదు, అంతే."

"గన్?"

"స్టేషన్లో ఒక మెటల్ గేటు, రేవులో ఇంకొకటి. గేటు దగ్గర నిలబడేది ఎవరి మనుషులో ఎవరికీ తెలియదు. ప్రయాణికుల దగ్గర మూడంగుళాల లోపు మడత కత్తి ఉంటే అడగరు. వెళ్ళి ఒకటి కొనుక్కో."

"ఎక్కడ?"

"అక్కడే. నీకు ఎలాంటి కత్తి అంటగట్టాలని చూస్తుందో చూడు. ఆమె ఎవరి మనిషో తేలిపోతుంది." చీఫ్ లేచాడు. "ఇంకో మాట. మీ ఆవిడ సంగతి నోరు జారావంటే ఉద్యోగం సరే, జైలు కూడా. సంతకం పెట్టావు."

*

కత్తుల షాపు పూలకొట్టుకీ టోపీల కొట్టుకీ మధ్య ఇరుకుగా, పొడుగ్గా ఉంది. అద్దాల పెట్టెల్లో ఆకుపచ్చ గుడ్డ మీద కత్తెరలు, క్షవరం కత్తులు, మడత కత్తులు వరసగా పడుకున్నాయి. కౌంటర్ వెనక ఆమె పార్సిల్ కడుతోంది. మెడదాకా కత్తిరించిన జుట్టు, ఎర్రని పెదాలు, నల్ల పట్టు జాకెట్. ఆర్కేడ్‌లో నడిచే మగవాళ్ళు ఆ షాపు ముందుకి రాగానే వాచీ చూసుకుంటున్నట్టు ఆగుతారు.

మౌని ఇవాళ కళ్ళద్దాల కంపెనీ సేల్స్‌మన్. అతికించిన మీసం, చేతిలో శాంపిల్ పెట్టె. పెట్టుకున్న కళ్ళద్దాల ఫ్రేము చివర గోరంత అద్దం ఉంది. దాంట్లో వీపు వెనక జరిగేది కనిపిస్తుంది.

"ప్రయాణానికి చిన్న కత్తి కావాలి," అన్నాడు. "పళ్ళు కోసుకోవడానికి కాదు."

అది కోడ్. దానికి జవాబుంది. ఆమె చెప్పింది.

"చెయ్యి చూపించండి. కొలత చూడాలి."

అరచెయ్యి చాచాడు. ఆమె చచ్చిన బల్లిని చూసినట్టు చూసింది.

"ఐదేళ్ళయింది బావా, నీ మొహం చూసి. మీసం పెట్టుకున్నా గుర్తుపట్టాను, చూడు నా ఖర్మ."

"కత్తి కోసం వచ్చాను."

"నీకెందుకు కత్తి? పక్కవాళ్ళను ముందుకు తోసి నువ్వు బతికి బయటపడతావుగా. మా అక్కను పడవెక్కించి నువ్వు ఒడ్డున నిలబడ్డావు. పెట్టె మూత తియ్యమని కాళ్ళు పట్టుకున్నాను. తియ్యనిచ్చావా?"

మౌని నాలుక మీదకి వచ్చిన మాటను మింగేశాడు. "మంచివి చూపించు," అన్నాడు.

ఆమె మొదటిది తీసింది. ముత్యపు చిప్ప పిడి, తళతళలాడే బ్లేడు. మౌని దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"గోరు దూర్చి లాగాలి. రెండు చేతులూ కావాలి."

"ఉన్నాయిగా రెండు."

"ఒక చేత్తో వాణ్ణి ఆపుతుంటాను. నిన్న చచ్చిపోయినవాడికి ఆ తీరిక దొరకలేదు."

ఆమె రెప్ప ఒక్కసారి అదిరింది. వెంటనే రెండోది పెట్టింది. బటన్ నొక్కగానే బ్లేడు టక్కున బయటికొచ్చింది.

"దీనికి ఒక్క వేలు చాలు. తమరికి శ్రమ ఉండదు."

"జేబులో దుమ్ము చేరితే సగంలో ఆగుతుంది. బటన్ కిటికీ చువ్వకి తగిలితే జేబులోనే తెరుచుకుంటుంది. వద్దు."

"మేనత్త కూతుర్ని చూడ్డానికొచ్చిన పెళ్ళికొడుకులా ఎన్ని వంకలు!" అంటూ మూడోది తీసింది.

అది అందంగా లేదు. మౌనికి నచ్చింది. రెండున్నర అంగుళాల బ్లేడు, గరుకైన నల్ల పిడి, బొటనవేలికి అందేలా చిన్న బొడిపె. ఒక్క చేత్తో తెరుచుకుంటుంది. తెరుచుకోగానే లోపలి రేకు అడ్డుపడి లాక్ అవుతుంది.

"సబ్బు నీళ్ళున్నాయా?"

క్షవరం కత్తులు పరీక్షించడానికి ఉంచిన నురగ గిన్నెను ఆమె విసురుగా జరిపింది. మౌని చేతికి నురగ పులుముకుని తెరిచాడు, మూశాడు. కుడి చేత్తో పదిసార్లు, ఎడమ చేత్తో పదిసార్లు. జారలేదు.

"రక్తం కూడా ఇలాగే జారుతుంది," అన్నాడు.

"తెలుసుకుని వచ్చావే."

తర్వాత అతను తెరిచిన బ్లేడు వీపును కౌంటర్ అంచుకేసి గట్టిగా కొట్టాడు. లాక్ వదిలేసింది. బ్లేడు ఒక్కసారిగా వేళ్ళ మీదికి మడుచుకుంది. తయారుగా ఉన్నాడు కనుక వేళ్ళు దక్కాయి.

"ఏదో ఫ్యాక్టరీ లోపం," అంది ఆమె, గొంతు మారకుండా.

"ఫ్యాక్టరీలో ఇంత ఓపిగ్గా ఆకురాయి పెట్టి అరగదియ్యరు."

ఆమె పార్సిల్‌ను దగ్గరికి లాక్కుని ముడి వేసి, మిగిలిన దారాన్ని కోసింది. చేతిలో ఉన్నది పాత గోధుమరంగు పిడి కత్తి. పిడి మీద గీతలు, బ్లేడు మీద మరకలు. ఒంటి చేత్తో తెరిచి, ఒంటి చేత్తో మూసింది. చూడకుండానే.

"అది ఇవ్వు," అన్నాడు మౌని.

"ఏది?"

"నీ చేతిలోది."

"ఇది అమ్మకానికి కాదు."

"అందుకే కావాలి."

ఆమె నవ్వింది. ఆ నవ్వులో పళ్ళు కనిపించాయిగానీ సంతోషం కనిపించలేదు. కత్తిని కౌంటర్ మీద బొంగరంలా తిప్పి అతని వైపు విసిరింది.

"తీసుకో. దీంతో కూడా ఎవర్నీ కాపాడలేవు నువ్వు."

బయట టెలిఫోన్ బూత్‌లోంచి మౌని చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఆవిడ మన మనిషి కాదు సార్."

"అయితే ఆవిడ చెప్పిన కబురు?"

"సగం అబద్ధం. ఏ సగమో రైలెక్కాక తెలుస్తుంది."

*

రైలు దాదాపు మూడు గంటలు నడిచాక, మూడో బోగీ చివర, తలుపుల దగ్గరి ఇరుకు వసారాలో గ్రే కోటు మనిషి కనిపించాడు. తలుపు తెరుచుకుని బయటికి చూస్తూ సిగరెట్ కాలుస్తున్నాడు. మౌని రాగానే పక్కకి జరిగి దారి ఇచ్చాడు. మరీ మర్యాదగా ఇచ్చాడు.

మౌని రెండడుగులు ముందుకేశాడు. కళ్ళద్దాల అంచులో గ్రే కోటు రెండు చేతులూ పైకి లేచాయి. మధ్యలో తోలు పటకా.

మెడకు చుట్టుకునేలోపు ఎడమ చెయ్యి అడ్డం పెట్టగలిగాడు. అంతే పెట్టగలిగాడు. పటకా మణికట్టుతో సహా గొంతును నొక్కేసింది. కళ్ళ ముందు నల్ల చుక్కలు. కుడి చెయ్యి జేబులోకి వెళ్ళింది. బొటనవేలు పిడి మీద వెతుక్కుంది, తోసింది. బ్లేడు తెరుచుకుంది. మణికట్టుకీ మెడకీ మధ్య సందులో దూర్చి బయటికి లాగాడు. తోలు తెగింది. చెవి కింద కొంచెం మౌని కూడా తెగాడు.

గ్రే కోటు వెనక్కి తూలి, వెంటనే కాలెత్తి తన్నాడు. కత్తి ఎగిరి తెరిచిన తలుపులోంచి కంకర రాళ్ళ మీద పడింది. కనబడకుండా పోయింది. మౌని శాంపిల్ పెట్టె అంచుతో అతని మోకాలి చిప్ప మీద కొట్టాడు. వంగినవాణ్ణి జుట్టు పట్టి ఇనుప తలుపుకేసి బాదాడు. తెగిన పటకాతోనే చేతులు వెనక్కి విరిచి చువ్వకి కట్టేశాడు.

కోటు వెతికాడు. షూ మడమలు వెతికాడు. సిగరెట్లు చీల్చి చూశాడు. ఫిల్ము లేదు.

అబద్ధం ఏ సగంలో ఉందో తెలిసిపోయింది. ఫిల్ము తెచ్చేది గ్రే కోటు కాదు. వాడు ఎర మాత్రమే.

ఐదో బోగీలో, ఒక కూపేలో మరదలు ఒక్కతే ఉంది. ఒళ్ళో ఫ్యాషన్ పత్రిక.

"తప్పించుకొచ్చావే!" అంది. "నా కత్తి ఏది?"

"పోయింది. ఫిల్ము ఇచ్చెయ్."

పత్రిక కిందనుంచి సన్నటి సర్జికల్ బ్లేడు వచ్చి అతని పక్కటెముకల మధ్య ఆనింది. చొక్కా దాటింది, చర్మం మీద ఆగింది.

"కూర్చో బావా. ఇరవై నిమిషాల్లో రేవు వస్తుంది. అంతవరకు బుద్ధిగా కూర్చో."

"నిన్నటి కత్తి స్క్రూ నువ్వే బిగించావా?"

"డాక్టర్ మనిషి బిగించాడు. నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత నేనే కాగితంలో చుట్టి ఇచ్చాను." ఆమె గొంతు మొదటిసారి గరుకైంది. "మీ డిపార్ట్‌మెంట్ మా అక్కను చంపింది. నేను మీ వాళ్ళను ఒక్కొక్కళ్ళనే లెక్కపెడుతున్నాను. అయితే ఏంటి?"

మౌని కిటికీలోంచి పరిగెత్తే స్తంభాలను చూశాడు. ఐదేళ్ళు మూసుకున్న నోరు. సంతకం పెట్టిన కాగితం. ముప్పై ఒక్క మంది. నోరు విప్పితే జైలు, విప్పకపోతే భార్య ప్రాణం.

"మీ అక్క బతికే ఉంది," అన్నాడు.

బ్లేడు కదల్లేదు.

"పెట్టెలో ఉన్నది ఇసుక. నీకు చెప్పొద్దన్నారు. తానే వెళ్తానంది. ఇప్పుడు నీ దగ్గరున్న లిస్టులో మీ అక్క ఉంది. పదిహేడో నంబరు."

ఆమె చాలాసేపు అతని మొహంలోకి చూసింది. తర్వాత బ్లేడును ఇంకొంచెం లోపలికి నొక్కింది. చొక్కా మీద ఎర్ర మరక పెద్దదైంది.

"ప్రాణం మీదికొస్తే ఎంతటి కథైనా అల్లేస్తావన్నమాట. చచ్చినదాన్ని కూడా వాడుకుంటావు. ఛీ! మనిషివేనా?"

"నన్ను నమ్మకు. పదిహేడో పేరు చదువు. అంతే."

"నోరు ముయ్."

మౌని నోరు మూసుకున్నాడు. అది అతనికి బాగా వచ్చిన పని.

*

రేవులో దిగగానే ఇద్దరు బలిసినవాళ్ళు మౌనికి చెరోవైపు చేరి, పాత స్నేహితుల్లా చేతులు కలిపి బిగించారు. మోచేతులు కదిలించే వీల్లేదు. టైము నాలుగూ ఇరవై మూడు.

ఫెర్రీ తెల్లగా, ఎత్తుగా నిలబడి ఉంది. ఎక్కే చెక్క వంతెన పక్కన పళ్ళ డాక్టరు గొడుగు ఊతంగా నిలబడ్డాడు. బక్కపలచని పెద్దమనిషి, మెరిసే టోపీ. కాస్త దూరంలో వీల్‌చెయిర్లో ఒక ముసలాయన దుప్పటి కప్పుకుని ఎండ కాచుకుంటున్నాడు. ఆ ముసలాయన చీఫ్. పక్కన నర్సు వేషంలో ఉన్నది డిపార్ట్‌మెంట్ షూటింగ్ ఛాంపియన్. కానీ ఫిల్ము ఎవరి దగ్గరుందో వాళ్ళకి తెలియదు, డాక్టర్ను ముట్టుకునే వీలూ లేదు.

"సమయమునకు విచ్చేసితిరి," అన్నాడు డాక్టరు. పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగు. "దయచేసి ఆ వస్తువును ఇవ్వండి."

మరదలు లిప్‌స్టిక్ తీసి మూత విప్పింది. అడుగున చుట్ట చుట్టిన ఫిల్ము, అగ్గిపుల్లంత వెడల్పు. డాక్టరు చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు.

"మీ భూతద్దం ఒకసారి ఇవ్వండి డాక్టర్. అసలుదో నకిలీదో ఇక్కడే చూసుకుందాం. అవతలికెళ్ళాక మాట నా మీదికి రాకూడదు."

"అవసరము లేదు."

"నాకుంది."

ఫెర్రీ మొదటి కూత వేసింది. డాక్టరు విసుగ్గా, పళ్ళు చూసే చిన్న భూతద్దాన్ని కోటు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె ఫిల్మును ఎండకు ఎత్తిపట్టింది. మౌనికి ఆమె వేళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఫిల్ము కొంచెం కొంచెం జరుగుతోంది. పది. పదమూడు. పదహారు.

ఆగింది.

పదిహేడో నంబరు ఎదురుగా ఇలా ఉంది: కవర్ నేమ్, అత్త. వృత్తి, బట్టలు కుట్టడం.

మరదలికి మాటలు వచ్చీరాని వయసులో నోరు తిరిగేది కాదు. అక్కను 'అత్తా, అత్తా' అని పిలుచుకుంటూ కొంగు పట్టుకుని తిరిగేది. ఇల్లంతా పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ పిలుపు ఆ ఇంటి నాలుగు గోడలు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఏ డిపార్ట్‌మెంటూ కల్పించలేదు. ఏ బావా అల్లలేడు.

రెండో కూత. పనివాళ్ళు వంతెన తాళ్ళు విప్పుతున్నారు.

"అమ్మాయీ! ఇవ్వండి!"

మరదలు మౌని వైపు తిరిగింది. ఆ చూపులో కోపం తగ్గలేదు. ఇంకా పెరిగినట్టే ఉంది. కానీ అది ఇప్పుడు వేరే కోపం. ఐదేళ్ళు ఒక్క ముక్క చెప్పనందుకు.

తర్వాత ఆమె ఫిల్మును నోట్లో వేసుకుని మింగేసింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది డాక్టరుకే. గొడుగు పారేసి ఆమె దవడ పట్టుకున్నాడు.

"నోరు తెరవండి! ఉమ్మండి! ఉమ్మండి!"

జీవితమంతా వేలమంది నోళ్ళు తెరిపించిన చెయ్యి అది. ఈ ఒక్క నోరు తెరుచుకోలేదు. చెయ్యి గొంతు మీదికి జారింది, బిగిసింది. ఆమె కాళ్ళు నేల మీద కొట్టుకుంటున్నాయి.

మౌని ఎడమవైపు బలిసినవాడి ముక్కు మీద తలతో కొట్టాడు. పట్టు వదలగానే కుడివైపు వాణ్ణి లాక్కుంటూనే ముందుకు దూకి, డాక్టరు మోకాళ్ళ వెనక పడ్డాడు. నలుగురూ కలిసి చెక్కల మీద దొర్లారు. నర్సు ఇనుప వీల్‌చెయిర్ అడుగున దాచి గేటు దాటించిన గన్ తీసి, బలిసినవాళ్ళకి చూపించి కూర్చోబెట్టింది.

అప్పుడు వీల్‌చెయిర్లోంచి చీఫ్ తీరిగ్గా లేచి, దుప్పటి మడతపెట్టి, కిందపడ్డ టోపీ తీసి దులిపి డాక్టరుకు అందించాడు.

"డాక్టర్ గారూ, మీ ఫెర్రీ వెళ్ళిపోతోంది. పట్టపగలు రేవులో ఆడమనిషి గొంతు పట్టుకున్నారని రిపోర్టు రాయమంటారా? లేక ఎక్కుతారా?"

డాక్టరు టోపీ పెట్టుకున్నాడు. వంతెన పైకి లేస్తుండగా దాని మీదుగా పరిగెత్తి, ఒట్టి చేతులతో ఫెర్రీ ఎక్కాడు.

*

మర్నాడు ఉదయం డిపార్ట్‌మెంట్ ఆస్పత్రిలో మరదలు దిండుకి ఆనుకుని కూర్చుంది. మెడ చుట్టూ ఐదు వేళ్ళ నల్ల గుర్తులు. తలుపు దగ్గర గార్డు. బల్ల మీద ఎక్స్‌రే. దాని మీద ఎర్ర ముద్ర: 'అత్యంత రహస్యం'.

"కొరియర్ కేసు నీ మీద నడుస్తుంది," అన్నాడు మౌని. "అది ఎవరూ ఆపరు."

"ఆపమని అడిగానా?" గొంతు బొంగురుగా వచ్చింది. "వాడికో తల్లి ఉండే ఉంటుంది. జడ్జికి నేనే చెబుతాను. నీ సంగతి?"

"నోరు జారినందుకు ఎంక్వైరీ. చీఫ్ కోపంగా ఉన్నారు. రేవులో జరిగింది చూశాక ఆ కోపం కాస్త తగ్గింది."

ఆమె కిటికీ వైపు చూసింది. అడగకూడదనుకుని, అడిగింది.

"అక్కకి తెలుసా?"

"పొద్దున రేడియో టైములో మెసేజ్ పంపాం. ఫిల్ము నువ్వు మింగేశావని, ముప్పై ఒక్క మందీ క్షేమమని."

"ఏమంది?"

మౌని జేబులోంచి డీకోడ్ చేసిన కాగితం తీశాడు. ఐదేళ్ళలో భార్య నుంచి వచ్చిన మొదటి సొంత మాట. ఒక్క అక్షరం మార్చకుండా చదివాడు.

"'చిన్నప్పుడు బలపాలు తినేది. ఇంకా మానలేదా?'"